చోటున్నా నిండిపోయిన డిస్కు: నడుస్తున్న మెయిల్ సర్వర్‌ను ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కు మార్చిన ఒక కేసు

నేపథ్యం

హైదరాబాద్‌లో దాదాపు 400 మంది పనిచేసే ఒక సంస్థ కేసు ఇది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఒక ఫైల్ సిస్టమ్, అంటే డిస్కు మీద ఫైళ్లను అమర్చే పద్ధతి. అక్కడ అంతకుముందు ఉన్నది ఈఎక్స్‌టీ4 అనే ఇంకో ఫైల్ సిస్టమ్. సంస్థ పేరు, వ్యాపారం, ఉన్న ప్రాంతం రాయడం లేదు. మనుషులను గుర్తుపట్టే వివరాలు తీసేశాను. సాంకేతికంగా జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తున్నాను, ఎందుకంటే ఇందులో నేను చేసిన ఒక పొరపాటు, దాదాపు చేయబోయిన ఇంకో రెండు పొరపాట్లు ఇలాంటి పని ఎత్తుకునే ఎవరికైనా ఎదురవుతాయి.

ఆ సంస్థకు సొంత మెయిల్ సర్వర్ ఉంది. డెబియన్ లినక్స్ మీద నడుస్తుంది. బయటి నుంచి వచ్చే మెయిల్‌ను పోస్ట్‌ఫిక్స్ అందుకుంటుంది, డవ్‌కాట్ దాన్ని ఉద్యోగుల పెట్టెల్లో భద్రపరచి కంప్యూటర్లకు, ఫోన్లకు చూపిస్తుంది. నాలుగు డిస్కులు పట్టే సర్వర్‌లో రెండే ఉన్నాయి. ఒక్కొక్కటి 4 టీబీ, రెండూ మిర్రర్‌గా కట్టినవి, అంటే ఒకదానిలో ఉన్నదే రెండోదానిలోనూ ఉంటుంది. వాటి మీద ఎల్‌వీఎం, అంటే డిస్కు చోటును వాల్యూమ్‌లనే భాగాలుగా పంచే ఏర్పాటు. అందులో 2 టీబీ వాల్యూమ్ ఒకటి మెయిల్‌కు, అంతకన్నా చిన్నది ఇంకొకటి పాత సీసీటీవీ రికార్డింగులకు. ఏ వాల్యూమ్‌కూ కేటాయించకుండా మిగిలింది దాదాపు 400 జీబీ.

మెయిల్ దాచే పద్ధతి మెయిల్‌డిర్. అంటే ఒక్కో మెయిల్ ఒక్కో ఫైలు. చదవని మెయిల్ ‘న్యూ’ అనే డైరెక్టరీలో పడుతుంది. తర్వాత ‘కర్’ అనే డైరెక్టరీలోకి మారుతుంది. చదివారా, జవాబిచ్చారా అన్న గుర్తులు ఫైలు పేరు చివర అక్షరాలుగా చేరతాయి. ఇక్కడ పేరు కూడా సమాచారమే. ఈ సంగతి ఈ కేసులో మళ్లీ మళ్లీ వస్తుంది.

వచ్చిన సమస్య

ఒక సోమవారం ఉదయం ఆ సంస్థలో సిస్టమ్స్ చూసే యువకుడు ఫోన్ చేశాడు. శుక్రవారం సాయంత్రం నుంచి ఎవరికీ మెయిళ్లు అందడం లేదు. లాగ్‌లో ‘డిస్కులో చోటు లేదు’ అన్న ఎర్రర్ వరుసగా పడుతోంది. అతను డిస్కు చూశాడు. 40 శాతమే వాడకంలో ఉంది. అయినా నమ్మకం కోసం పెద్ద పెద్ద ఫైళ్లు వెతికి 30 జీబీ ఖాళీ చేశాడు. రెండు నిమిషాలు మెయిళ్లు వచ్చాయి, మళ్లీ ఆగిపోయాయి.

“సార్, సగానికి పైగా ఖాళీ ఉంది. అయినా చోటు లేదంటోంది. డిస్కు పాడైందంటారా?”

డిస్కు పాడవలేదు. ఐనోడ్లు ఎన్ని మిగిలాయో చూడమన్నాను. 20,97,152లో 20,97,152 వాడకంలో ఉన్నాయి. మిగిలింది సున్నా.

ఐనోడ్ అంటే ఒక్కో ఫైలుకు ఉండే ఖాతా పుట లాంటిది. యజమాని ఎవరు, తేదీలు ఏమిటి, డేటా డిస్కులో ఎక్కడ ఉంది అన్నవి అందులో ఉంటాయి. గోదాము సగం ఖాళీగా ఉన్నా ఖాతా పుస్తకంలో పుటలు అయిపోతే కొత్త సరుకు దించుకోలేం కదా, సరిగ్గా అదే జరిగింది. ఈఎక్స్‌టీ4లో ఈ పుటల సంఖ్య ఫార్మాట్ చేసిన రోజునే ఖాయమైపోతుంది. మామూలుగా ప్రతి 16 కేబీకి ఒక ఐనోడ్ వస్తుంది. ఆ లెక్కన 2 టీబీకి 13 కోట్లకు పైగా ఉండాలి. ఇక్కడ ప్రతి 1 ఎంబీకి ఒకటే ఉంది. ఈ వాల్యూమ్‌ను మొదట వీడియో రికార్డింగుల కోసం ‘పెద్ద ఫైళ్లు’ అన్న ఎంపికతో ఫార్మాట్ చేశారట. కొన్నేళ్లకు మెయిల్‌కు చోటు చాలక దీన్నే ఖాళీ చేసి మెయిల్ పెట్టారు. వీడియోలకు అది సరైన నిర్ణయమే. మెయిల్ పెట్టేటప్పుడు ఫార్మాట్ వివరం ఎవరూ చూడలేదు, చూడాలని తట్టడానికి కారణమూ లేదు.

మెయిళ్లేవీ పోలేదు. పోస్ట్‌ఫిక్స్ క్యూ, అంటే అందించాల్సిన మెయిళ్లు ఆగి ఉండే వరుస, డిస్కులో వేరే భాగం (పార్టిషన్) మీద ఉంది. డవ్‌కాట్ ‘ఇప్పుడు కుదరదు’ అని తిప్పి పంపినవన్నీ అక్కడ ఆగి ఉన్నాయి. మామూలు అమరికలో పోస్ట్‌ఫిక్స్ ఐదు రోజుల వరకు ప్రయత్నిస్తూనే ఉంటుంది. అంటే మాకు బుధవారం వరకు గడువు ఉంది.

ముందు ఊపిరి పీల్చుకోవడం

శాశ్వత పరిష్కారానికి సమయం కావాలి. దానికి పెద్ద ఫైళ్లు కాదు, ఎక్కువ ఫైళ్లు తీసేయాలి. 30 జీబీ తీసినా ఫలితం లేకపోవడానికి కారణం అవి కొన్ని వందల ఫైళ్లే కావడం. స్పామ్, ట్రాష్ ఫోల్డర్లలో 60 రోజులు దాటినవి లెక్కేస్తే లక్షన్నర పైచిలుకు తేలాయి. రోజుకు 5,000 మెయిళ్ల చొప్పున చేరుతున్నాయి కాబట్టి అవి తీసేస్తే నెల రోజులు దొరుకుతాయి.

ఆ యువకుడు వెంటనే తీసేద్దామన్నాడు. నేను ఒక పూట ఆగమని, ముందు అందరికీ చెప్పించమన్నాను. మధ్యాహ్నానికి అకౌంట్స్ విభాగం నుంచి ఒక మేడమ్ కంగారుగా వచ్చారు. సరఫరాదారుల ఉత్తరప్రత్యుత్తరాలన్నీ, 6,240 మెయిళ్లు, ఆవిడ ట్రాష్‌లోనే దాచుకున్నారు. “ఇన్‌బాక్స్ ఖాళీగా ఉంటే పని కనిపిస్తుందండీ. అయిపోయినవి అందులో వేసుకుంటాను, వెతికితే దొరుకుతాయి కదా” అన్నారు. ఆవిడ మాటలో తప్పేమీ లేదు. ఆ ఫోల్డర్ పేరు చూసి అది చెత్త అని నిర్ణయించేది మనం. ఆవిడకు అది పదేళ్ల పని. వాటిని వేరే ఫోల్డర్‌లోకి మార్చాకే మిగతావి డవ్‌కాట్ ఆదేశంతోనే తీసేశాం. నేరుగా ఫైళ్లు చెరిపేయలేదు, అలా చేస్తే డవ్‌కాట్ సూచికలకు, ఫైళ్లకు పొంతన తప్పుతుంది. సాయంత్రానికి క్యూ ఖాళీ అయింది.

ఏ దారి ఎంచుకోవాలి

ఇక్కడ తొందరపడలేదు. నాలుగు దారులు కాగితం మీద పెట్టాం.

మిగిలిన 400 జీబీని ఈ వాల్యూమ్‌కు కలిపి పెంచడం అన్నిటికన్నా తేలిక. ఈఎక్స్‌టీ4ను నడుస్తుండగానే పెంచవచ్చు, పెంచిన చోటుకు తగ్గట్టు ఐనోడ్లూ వస్తాయి. కానీ పాత నిష్పత్తిలోనే వస్తాయి. 400 జీబీకి దాదాపు 4 లక్షలు, అంటే 80 రోజులు. ఆ తర్వాత మళ్లీ ఇదే సోమవారం.

రెండోది మెయిల్ దాచే పద్ధతినే మార్చడం. డవ్‌కాట్‌లో చాలా మెయిళ్లను ఒకే ఫైలులో పెట్టే ఎండీబాక్స్ పద్ధతి ఉంది. అది మంచిదే. కానీ అప్పుడు మెయిల్ పద్ధతి, బ్యాకప్ పద్ధతి, కోలుకునే పద్ధతి మూడూ ఒకేసారి మారతాయి. రేపు ఏదైనా తప్పితే దేనివల్ల తప్పిందో చెప్పలేం. ఒకసారి ఒక మార్పే చేయాలన్నది నా నియమం.

ఉన్నచోటే ఫైల్ సిస్టమ్ రూపం మార్చే పనిముట్లు మూడోది. ఈఎక్స్‌టీ4ను బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌గా మార్చేది ఉంది. దానికి డిస్కును సిస్టమ్ నుంచి పూర్తిగా విడదీసి (అన్‌మౌంట్ చేసి), పని అయ్యేదాకా సేవ ఆపాలి. మధ్యలో కరెంటు పోతే చేతిలో ఉన్న ఒకే ప్రతి మీద ప్రయోగం చేసినట్టవుతుంది. ఆ ఆలోచన అక్కడే వదిలేశాం.

చివరిది కొత్త డిస్కుల మీద కొత్త ఫైల్ సిస్టమ్ వేసి, పాతది నడుస్తుండగానే నకలు తీసి, చివర్లో కొద్దిసేపు ఆపి మార్చడం. పాత ప్రతి చెక్కుచెదరకుండా ఉంటుంది. ఇదే ఎంచుకున్నాం.

కొత్తది ఏ ఫైల్ సిస్టమ్? మామూలు నిష్పత్తితో ఈఎక్స్‌టీ4 వేసినా ఈ సమస్య తీరేది. అది ఒప్పుకోవాలి. అయినా నేను ఎక్స్‌ఎఫ్‌ఎస్ వైపు మొగ్గాను. కారణం ఒక్కటే. ఈ కేసులో దెబ్బ కొట్టింది ఫార్మాట్ రోజున తీసుకున్న, తర్వాత మార్చలేని నిర్ణయం. ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఆ నిర్ణయాన్ని అడగదు. ఐనోడ్లను అవసరమైనప్పుడు అప్పటికప్పుడు కేటాయిస్తుంది. దానికీ పరిమితి లేకపోలేదు. ఈ పరిమాణంలో డిస్కులో 5 శాతం వరకే ఐనోడ్లకు వాడుకుంటుంది. కానీ 1.5 టీబీ మీద అది 16 కోట్ల ఫైళ్లు, పైగా ఆ శాతాన్ని తర్వాత పెంచుకోవచ్చు.

దీనికి వెల ఉంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ను పెంచగలం గానీ తగ్గించలేం. అందుకే 4 టీబీ చోటున్నా వాల్యూమ్‌ను 1.5 టీబీకే చేశాను. కావాలంటే నడుస్తుండగానే పెంచుకోవచ్చు, ముందే ఇచ్చేస్తే వెనక్కి తీసుకోలేం.

ఆ యువకుడికి ఒక భయం ఉంది. కరెంటు పోతే ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లో ఫైళ్లు సున్నాలతో నిండిపోతాయని ఎక్కడో విన్నాడు. ఆ మాట పుట్టడానికి పాత కెర్నళ్లలో (లినక్స్ కేంద్ర భాగంలో) ఆధారం ఉంది, దాన్ని చాలా ఏళ్ల కిందటే సరిదిద్దారు. పైగా డవ్‌కాట్ మెయిల్‌ను డిస్కుకు చేర్చాకే అందినట్టు ఒప్పుకుంటుంది. పరిపాలన చూసే అధికారికేమో ‘కొత్త రకం’ అన్న సందేహం. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ను సిలికాన్ గ్రాఫిక్స్ సంస్థ 1993లో మొదలుపెట్టిందని, ఇప్పుడు వాడుతున్న ఈఎక్స్‌టీ4 స్థిరమైన రూపంలో వచ్చింది 2008లోనని, రెడ్‌హ్యాట్ 2014లో తన ఏడో ఎంటర్‌ప్రైజ్ విడుదలకు ఎక్స్‌ఎఫ్‌ఎస్‌నే డిఫాల్ట్‌గా పెట్టుకుందని చెప్పాను. ఆయన కుదుటపడ్డారు.

ఖర్చు తగ్గించే సలహా ఒకటి వచ్చింది. మిర్రర్‌లో ఒక డిస్కును విడదీసి, దాని మీద ఎక్స్‌ఎఫ్‌ఎస్ వేసి నకలు తీసి, తర్వాత రెండోదాన్ని కలిపేయవచ్చు కదా అని. సాంకేతికంగా అది జరిగే పనే, చాలామంది చేస్తారు. నేను ఒప్పుకోలేదు. ఐదేళ్లు తిరిగిన డిస్కు మీద 20 లక్షల ఫైళ్లను గంటల తరబడి చదివించే సమయంలోనే దాని తోడును తీసేయడం అంటే, అన్నిటికన్నా ఎక్కువ భారం పడే రాత్రి అన్నిటికన్నా తక్కువ రక్షణతో ఉండటం. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి రెండు 4 టీబీ డిస్కులు తెచ్చాం. రెండూ ఒకే తయారీ తేదీవి కాకుండా వేర్వేరు దుకాణాల్లో చూసి తీసుకున్నాను. ఒకే విడతలో తయారైనవి ఒకేసారి పోవడం నా కళ్లతో చూశాను.

తేదీ గురించి ఒక మాట

అధికారి గణేశ్ నిమజ్జనం రోజు పెట్టుకోమన్నారు. సెలవు, ఆఫీసు ఖాళీ. నేను వద్దన్నాను. సెలవు హైదరాబాద్‌కే, ఇతర రాష్ట్రాల్లోని శాఖలు ఆ రోజు పనిచేస్తాయి. అంతకన్నా పెద్ద కారణం, ఆ రోజు పొద్దుటి నుంచే ట్యాంక్‌బండ్ వైపు దారులు మళ్లిస్తారు. ఒక కేబుల్ పోయినా, డిస్కు పోయినా పార్క్‌లేన్‌కు చేరలేం, చేరినా దుకాణాలు తీసి ఉండవు. మామూలు శనివారం రాత్రి పెట్టుకున్నాం.

నకలు: అంకెలు చెప్పిన సంగతి

శనివారానికి ఐదు రోజుల ముందే ఆర్‌సింక్ అనే నకలు తీసే పనిముట్టుతో మొదటి విడత నకలు మొదలుపెట్టాం. 800 జీబీకి 11 గంటలు పట్టింది. ఒకే పెద్ద ఫైలు అయితే ఇందులో చాలా తక్కువ సమయం చాలేది. ఇక్కడ కాలమంతా చిన్న ఫైళ్లను తెరవడంలో, మూయడంలో పోతుంది. ఆ తర్వాత మారినవి మాత్రమే తెచ్చే విడత ప్రతి రాత్రి నడిపాం. దేన్నీ తేవాల్సిన పని లేకపోయినా 20 లక్షల పేర్లు పోల్చడానికే 50 నిమిషాలు పట్టేది. మార్పు రాత్రి సేవ ఎంతసేపు ఆపాలన్నదానికి ఈ 50 నిమిషాలే లెక్క.

గురువారం రెండు వైపులా ఫైళ్లు లెక్కపెట్టాను. కొత్త వైపు 31,000 ఎక్కువ ఉన్నాయి. నకలు తీసినప్పుడు తక్కువ వస్తే వెంటనే గాభరా పడతాం. ఎక్కువ వస్తే చాలామంది పట్టించుకోరు. నాకు మాత్రం అది వదిలేయదగిన తేడాగా అనిపించలేదు. అకౌంట్స్ మేడమ్ పెట్టెను తెరిచి రెండు వైపులా పక్కపక్కన పెట్టి చూశాను. ఒకే మెయిల్ కొత్త వైపు రెండు చోట్ల ఉంది. ‘న్యూ’లో గుర్తుల్లేకుండా ఒకటి, ‘కర్’లో ‘చదివారు’ అన్న గుర్తుతో ఇంకొకటి. సోమవారం రాత్రి నకలు తీసినప్పుడు అది చదవని మెయిల్. మంగళవారం ఆవిడ చదివారు, ఫైలు పేరు మారింది. ఆర్‌సింక్ దృష్టిలో అది కొత్త ఫైలు. పాత పేరుతో ఉన్నదాన్ని మూలంలో లేదని చెరిపేయమని నేను చెప్పలేదు. అలాగే మార్చేసి ఉంటే, ఆ వారంలో చదివిన ప్రతి మెయిల్ సోమవారం ఉదయం ప్రతి ఒక్కరికీ రెండుసార్లు కనిపించేది.

మొదటి రోజు చెరిపే ఐచ్ఛికం పెట్టకపోవడానికి నా దగ్గర కారణం ఉంది. మూలమైన పాత వాల్యూమ్ ఏ కారణం చేతనైనా సిస్టమ్‌కు అతికి (మౌంట్ అయి) ఉండకపోతే, ఖాళీ డైరెక్టరీని మూలమనుకుని ఆర్‌సింక్ కొత్త వైపు ఉన్నదంతా తుడిచేస్తుంది. ఆ భయం న్యాయమైనదే, దానికి మందు ఐచ్ఛికాన్ని మానేయడం కాదు. పాత వాల్యూమ్ పై స్థాయి డైరెక్టరీలో ఒక గుర్తు ఫైలు పెట్టి, అది కనిపిస్తేనే ఆర్‌సింక్ నడిచేలా స్క్రిప్టు రాశాను. ప్రతిసారీ ముందు ఉత్తుత్తి పరుగు పెట్టి ఏమేమి చెరుపుతుందో చూసుకున్నాకే అసలు పరుగు పెట్టాం.

రెండో తేడా పరిమాణంలో కనిపించింది. పేర్లు సరిపోయాక కూడా కొత్త వైపు 60 జీబీ ఎక్కువ. ఇది హార్డ్ లింకుల పని. డవ్‌కాట్ ఒక మెయిల్‌ను ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కు కాపీ చేసినప్పుడు డేటాను మళ్లీ రాయదు, అదే ఐనోడ్‌కు రెండో పేరు పెడుతుంది. సంస్థ అంతటికీ వెళ్లిన సర్క్యులర్లు కూడా ఆ సర్వర్‌లో ఇలా ఒకే డేటాకు వందల పేర్లుగా ఉన్నాయి. ఆర్‌సింక్‌లో అందరూ అలవాటుగా వాడే ‘ఆర్కైవ్’ ఐచ్ఛికంలో హార్డ్ లింకులు ఉండవు. దానికి క్యాపిటల్ హెచ్ విడిగా చెప్పాలి. అనుమతుల జాబితాలకు క్యాపిటల్ ఏ, అదనపు లక్షణాలకు క్యాపిటల్ ఎక్స్ కూడా అంతే. కొత్త వాల్యూమ్‌ను మళ్లీ ఫార్మాట్ చేసి, శుక్రవారం రాత్రి మొదటి నుంచి నకలు తీశాం. 11 గంటలు మళ్లీ పోయాయి. పోయినా సరే అనుకున్నాను.

తేదీల సంగతి ఆ యువకుడే చెప్పాడు. నన్ను పిలవక ముందు అతను తన పెట్టెను మామూలు కాపీ ఆదేశంతో వేరే చోటికి మార్చి చూశాడట. అన్ని మెయిళ్లూ ఆ రోజే అందినట్టు చూపించాయి.  ఫైలు చివరిసారి మారిన సమయాన్నే డవ్‌కాట్ అందిన తేదీగా తీసుకుంటుంది. ఆర్‌సింక్ ఆ సమయాన్ని కాపాడుతుంది, కాబట్టి ఇక్కడ ఇబ్బంది రాలేదు.

విఫలమైన శనివారం

రాత్రి ఒంటి గంటకు మొదలుపెట్టాం. పోస్ట్‌ఫిక్స్‌ను ఆపలేదు. డవ్‌కాట్‌కు అప్పగించడాన్ని మాత్రమే వాయిదా వేయమన్నాం. బయటి నుంచి పంపేవారికి అంతా మామూలుగానే ఉంటుంది, మెయిళ్లు క్యూలో నిలుస్తాయి. డవ్‌కాట్‌ను ఆపాం. చివరి విడత ఆర్‌సింక్ నడిపాం. తర్వాత రెండు వైపులా ప్రతి ఫైలు పేరు, పరిమాణం, తేదీ జాబితాగా రాయించి, వరుసలో పేర్చి పోల్చాం.

14 వరుసల్లో తేడా ఉంది.

20 లక్షల్లో 14. టైము 3:40. ఆ యువకుడు, “సార్, ఇంకొక్క విడత నడిపితే ఐదింటికల్లా అయిపోతుంది కదా” అన్నాడు. నిజమే, నడిపితే ఆ 14 సరిపోయేవి. కానీ మా లెక్క ప్రకారం ఆ సమయంలో ఆ వాల్యూమ్ మీద ఎవరూ ఏమీ రాయకూడదు. ఎవరో రాశారు. ఎవరో తెలియదు. తెలియని చేయి ఒకటి లోపల ఉండగా మళ్లీ నడిపితే, ఈసారి తేడా సున్నా వచ్చినా, పోల్చడం అయిపోయాక అది మళ్లీ రాయదని నమ్మకం ఏమిటి? పాత డిస్కు చెక్కుచెదరకుండా ఉంది. వెనక్కి రావడానికి మేము చేయాల్సింది వాయిదా ఎత్తేయడమే. ఎత్తేశాం. క్యూలో ఉన్నవి పావుగంటలో పెట్టెలకు చేరాయి.

ఆదివారం కూర్చుని వెతికితే కారణం దొరికింది. రెండేళ్ల కిందట డవ్‌కాట్ ఒకసారి పడిపోయిందట. అప్పుడు ఉన్న ఉద్యోగి ఐదు నిమిషాలకోసారి చూసి, నడవకపోతే లేపే చిన్న స్క్రిప్టును రూట్ క్రాన్‌లో (నిర్వాహకుడి ఖాతా పేరున, చెప్పిన సమయానికి పనులు నడిపే జాబితాలో) పెట్టి వెళ్లాడు. మేము ఆపిన ఐదు నిమిషాల్లోపే అది డవ్‌కాట్‌ను లేపింది. రాత్రి వేళ కూడా ఫోన్లు సర్వర్‌ను అడుగుతూనే ఉంటాయి, ఎవరో మెలకువగా ఉండి మెయిళ్లు చదివారు, పేర్లు మారాయి. ఆ స్క్రిప్టు తన పని తాను సరిగ్గా చేసింది. క్రాన్ చూడకుండా మొదలుపెట్టడం నా పొరపాటు.

పనిచేసిన శనివారం

తర్వాతి శనివారం క్రమం మార్చాను. క్రాన్ స్క్రిప్టును ఆపాం. డవ్‌కాట్‌ను ఆపడంతో సరిపెట్టకుండా, సేవలను లేపే, ఆపే సిస్టమ్‌డీలో ఎవరు లేపినా లేవకుండా మాస్క్ చేశాం. ఆ తర్వాత చివరి విడతకు ముందే పాత వాల్యూమ్‌ను చదవడానికి మాత్రమే అన్న స్థితిలోకి మార్చాం. ఈ మూడోదే అసలైనది. ఆ వాల్యూమ్ మీద ఏ ప్రక్రియ అయినా రాయడానికి ఫైలు తెరిచి ఉంచితే కెర్నల్ ఆ మార్పుకు ఒప్పుకోదు. ఒప్పుకుందంటే ఎవరూ రాయడం లేదన్నమాట. ఇకపై రాయలేరు కూడా. మొదటి శనివారం ‘ఎవరూ రాయడం లేదు’ అన్నది మా నమ్మకం. రెండో శనివారం అది కెర్నల్ ఇచ్చిన హామీ.

చివరి విడత 52 నిమిషాలు. జాబితాల పోలికలో తేడా సున్నా. 20 పెట్టెలు ఎంచుకుని వాటిలోని ప్రతి ఫైలుకు చెక్‌సమ్ (లోపలి డేటా నుంచి లెక్కగట్టే సంఖ్య) కూడా పోల్చాం. అన్నిటికీ చేయాలంటే ఇంకో 11 గంటలు కావాలి, ఆ రాత్రి అంత సమయం లేదు.

పాత వాల్యూమ్‌ను విడదీసి, అది అతికి ఉన్న డైరెక్టరీ ఖాళీగా కనిపించినప్పుడు దాన్ని మార్చలేని డైరెక్టరీగా గుర్తు పెట్టాను. ఎప్పుడైనా బూట్ సమయంలో కొత్త వాల్యూమ్ అతకకపోతే, డవ్‌కాట్ ఆ ఖాళీ డైరెక్టరీలోనే 400 కొత్త పెట్టెలు తెరిచేస్తుంది. ఉద్యోగులకు పెట్టెలన్నీ ఖాళీగా కనిపిస్తాయి, కొత్త మెయిళ్లు సిస్టమ్ ఉండే రూట్ పార్టిషన్ మీద పడతాయి. ఈ గుర్తు ఉంటే రాయడం విఫలమవుతుంది, మెయిళ్లు క్యూలో ఆగుతాయి. ఆ వాల్యూమ్ లేకుండా డవ్‌కాట్ లేవకూడదని సిస్టమ్‌డీలోనూ రాశాం. బూట్ సమయంలో ఏ వాల్యూమ్ ఎక్కడ అతకాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైలులో డిస్కు పేరు కాకుండా దాని గుర్తింపు సంఖ్య యూయూఐడీ పెట్టాం.

వెంటనే సర్వర్‌ను ఒకసారి రీబూట్ చేశాం. అవసరమా అని ఆ యువకుడు అడిగాడు. ఎఫ్‌స్టాబ్‌లో తప్పు ఉంటే అది ఈ రాత్రి బయటపడదు. వచ్చే మే నెలలో ఈదురుగాలులకు కరెంటు పోయి యూపీఎస్ కూడా చేతులెత్తేసిన రోజు, ఇదంతా ఎవరికీ గుర్తులేని రోజు బయటపడుతుంది. సర్వర్ సరిగ్గా లేచింది.

వెనక్కి వెళ్లే అవకాశం ఎప్పటివరకు అన్నది ముందే రాసుకున్నాం. కొత్త వాల్యూమ్ మీద కొత్త మెయిల్ పడ్డాక పాతది పాతబడిపోతుంది, అప్పుడు వెనక్కి వెళ్లడం అంటే మెయిళ్లు పోగొట్టుకోవడమే. అందుకని క్యూను ఆపే ఉంచి, ఫైర్‌వాల్‌లో ముగ్గురికి మాత్రమే దారి తెరిచాం. ఆ ముగ్గురిలో అకౌంట్స్ మేడమ్ ఒకరు. శనివారం సాయంత్రమే ఆవిడ ఒక కాగితం మీద రాసి ఇచ్చారు: ఇన్‌బాక్స్‌లో చదవనివి 17, సరఫరాదారుల ఫోల్డర్‌లో 6,240. ఆదివారం ఎనిమిదింటికి ఆవిడే ఫోన్ చేశారు.

“పదిహేడూ ఉన్నాయండీ. పాత ఫోల్డర్ కూడా తెరిచాను, తేదీలు ఏ సంవత్సరానివి ఆ సంవత్సరానివే చూపిస్తోంది.”

ఆవిడ ఫోను పెట్టెను మొదటి నుంచి దింపుకోలేదు కూడా. డవ్‌కాట్ ప్రతి మెయిల్‌కు ఇచ్చిన సంఖ్యల జాబితా ఫైలు మెయిళ్లతో పొంతన తప్పకుండా రావడం వల్ల అది సాధ్యమైంది. ఎనిమిదిన్నరకు అందరికీ తెరిచి, క్యూను వదిలాం.

తర్వాత తేలినవి

సోమవారం ఉదయం బ్యాకప్ విఫలమైందన్న సందేశం వచ్చింది. సూపర్‌బ్లాక్‌లో (ఫైల్ సిస్టమ్ ప్రధాన వివరాలుండే చోట) గుర్తు సంఖ్య తప్పుగా ఉందన్నది ఎర్రర్. ఎక్స్‌ఎఫ్‌ఎస్ పాడైందేమోనని ఆ యువకుడు భయపడ్డాడు. వాళ్ల బ్యాకప్ స్క్రిప్టు ‘డంప్’ అనే పాత పనిముట్టును వాడుతోంది. అది ఈఎక్స్‌టీ కుటుంబానికే పనిచేస్తుంది. మా జాబితాలో మెయిల్‌ను చదివే సేవలన్నీ ఉన్నాయి, ఫైల్ సిస్టమ్‌ను నేరుగా చదివేవి లేవు. పాత వాల్యూమ్ ఇంకా పక్కనే ఉండటం వల్ల ఆ రెండు రాత్రులు గడిచాయి. మంగళవారానికి ఎక్స్‌ఎఫ్‌ఎస్‌డంప్‌కు మార్చి, ఒక పెట్టెను వేరేచోట తిరిగి తెరిచి, మెయిళ్లు లెక్కపెట్టాకే బ్యాకప్ ఉందని ఒప్పుకున్నాను.

హెచ్చరికలు పంపే వ్యవస్థ అప్పటివరకు డిస్కు చోటును మాత్రమే చూసేది. ఐనోడ్లను కూడా చూసేలా చేశాం. ఈఎక్స్‌టీ4 మామూలుగా 5 శాతం చోటును రూట్ కోసం పక్కన పెడుతుంది, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లో ఆ వెసులుబాటు ఉండదు. కాబట్టి చోటు హెచ్చరికను 90 నుంచి 80 శాతానికి దించాం.

నా పద్ధతిలో మారినవి

ఇప్పుడు ఏ పార్టిషన్ మార్పుకైనా నేను మొదట రాసుకునే ప్రశ్న, ఈ ఫైళ్లలో డేటా కాక ఇంకేమి సమాచారం ఉంది అన్నది. పేరులో ఏముంది, తేదీలో ఏముంది, ఎన్ని పేర్లు ఒకే ఐనోడ్‌కు ఉన్నాయి, దీని మీద నడిచే ప్రోగ్రాం వీటిలో దేన్ని నమ్ముకుని ఉంది. మెయిల్‌డిర్‌కు ఈ జవాబులు ఒక రకం. మొన్న ఒక చిత్రాల భాండాగారం మార్చినప్పుడు పేర్లకు ఏ అర్థమూ లేదు, అదనపు లక్షణాల్లోనే శీర్షికలన్నీ ఉన్నాయి.

రెండోది క్రాన్. సేవలు ఆపే ముందు ప్రతి యూజర్ క్రాన్, సిస్టమ్‌డీ టైమర్లు అన్నీ కాగితం మీదకు ఎక్కిస్తాను, పక్కన ఎందుకు పెట్టారో అడిగి రాసుకుంటాను. ఆ సంస్థలో ఇప్పుడు ఆ కాగితం సర్వర్ గది తలుపు లోపలి వైపు అంటించి ఉంది. దాని కింద ఆ యువకుడు తన చేతిరాతతో ఇంకో వరుస చేర్చాడు: ఫార్మాట్ చేసిన తేదీ, ఎంపికలు, ఎందుకోసం.

పాత వాల్యూమ్‌ను 30 రోజులు చదవడానికి మాత్రమే ఉంచాం. ఆ నెలలో ఇద్దరే ఏదో మెయిల్ కనిపించడం లేదన్నారు. రెండూ వెతికితే కొత్త వైపే వేరే ఫోల్డర్లలో దొరికాయి. ముప్పై ఒకటో రోజు దాన్ని తీసేశాం. ఆ పాత డిస్కుల్లో ఒకటి తర్వాతి పరీక్షలో చెడ్డ సెక్టార్లు చూపించింది.